36 ఏళ్ల వయసులో టెన్నిస్ మొదలుపెట్టేవారికి విజయవాడలో గ్రూపు క్లాసు మంచిదా, విడిగా కోచింగ్ మంచిదా?

మీకు 36 ఏళ్లు, ఇంతవరకు రాకెట్ పట్టలేదు, పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు. ఆఫీసుకు ముందు ఓ గంట హాయిగా ఆడుకోగలిగితే చాలంటున్నారు. మీ శ్రీమతి కూడా వస్తానంటున్నారు. పెద్దవాళ్ల గ్రూపులో చేరాలా, ఖర్చు ఎక్కువైనా విడిగా కోచ్‌ను పెట్టుకోవాలా అని అడిగారు. గ్రూపులోనే చేరండి. నేను విజయవాడలోనే, మీకంటే పెద్ద వయసులో, ఉదయం బ్యాచ్‌లో నేర్చుకున్నాను. ఇప్పటికీ అక్కడ పరిచయమైనవాళ్లతోనే ఆడుతున్నాను.

విడిగా నేర్చుకుంటే ఫోర్‌హ్యాండ్, అంటే అరచేయి ముందుకు ఉండేలా కొట్టే దెబ్బ, త్వరగా కుదురుతుంది, కాదనను. కోచ్ ప్రతి బంతినీ నడుము ఎత్తున, మీ చేతికి అందేలా వేస్తారు. మీరు కొడుతూ ఉంటారు, బాగా వచ్చేసిందనిపిస్తుంది. కానీ ఆ గంట అయిపోయాక ఎవరితో ఆడతారు? మన ఊళ్లో బ్యాడ్మింటన్‌కు ఏ పేటలో అడిగినా తోడు దొరుకుతుంది. టెన్నిస్‌కు అలా దొరకదు. ఏళ్ల తరబడి ఆడుతున్నవారు మర్యాద కోసం కొత్తవారితో ఒకరోజు ఆడతారు, మర్నాటి నుంచి తమ నలుగురితోనే ఆడుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఉదయం దొరికేదే ఒక్క గంట, అందులో సరిజోడీతో ఆడాలని ఎవరికైనా ఉంటుంది. మీకూ మీలాగే బంతిని నెట్‌కు కొడుతూ, మీలాగే నెమ్మదిగా మెరుగయ్యే నలుగురైదుగురు కావాలి. వాళ్లు కలిసేది గ్రూపు క్లాసులోనే.

అయితే గ్రూపు అని బోర్డు పెట్టిన ప్రతిచోటా చేరిపోకండి. నేను మొదట వెళ్లినచోట ఒక్క కోర్టుకు పదిమందికి పైగా ఉండేవాళ్లం. అందరం వరుసలో నిలబడేవాళ్లం. కోచ్ బుట్టలోంచి బంతి వేస్తే రెండు కొట్టి, మళ్లీ వరుస చివరికి వెళ్లడమే. గంటలో ఎక్కువ భాగం ముందున్నవారి వీపు చూస్తూ గడిచిపోయేది. ఎదుటివారు కొట్టిన బంతిని తిరిగి కొట్టే అవకాశం నెల చివరికి కూడా రాలేదు. టెన్నిస్ అంటేనే ఎదుటి నుంచి వచ్చే బంతిని చూసి, అది ఎక్కడ పడుతుందో ఊహించి, అక్కడికి అడుగు వేయడం. వరుసలో నిలబడితే ఆ కన్ను రాదు. అందుకే డబ్బు కట్టేముందు ఒక ఉదయం వెళ్లి కంచె బయట నిలబడి చూడండి. కోర్టుకు ఆరుగురు మించకూడదు. ఒకరికొకరు బంతి ఇచ్చుకుంటూ ఆడే సమయం క్లాసులో కనీసం సగం ఉండాలి. వచ్చినవాళ్లకు చెమట పడుతోందో లేదో చూసినా మీకు తెలిసిపోతుంది.

తరవాత చూడాల్సింది బంతులు. కోర్టు చివరి గీత అయిన బేస్‌లైన్ నుంచి నెట్‌కు దాదాపు 12 మీటర్లు. అంత దూరం నుంచి మామూలు పసుపు బంతితో మొదలుపెడితే కొత్తవారికి అది భుజం పైకి లేస్తుంది, లేదా దాటి వెళ్లిపోతుంది. ఎండకు వేడెక్కిన బంతి ఇంకా ఎత్తు లేస్తుందని విజయవాడలో ఆడేవారికి నేను చెప్పనక్కరలేదు. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2007లో కొత్తవారి కోసం ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. అందులో మామూలు బంతికంటే ఎరుపు బంతి దాదాపు 75 శాతం, నారింజ బంతి 50 శాతం, ఆకుపచ్చ చుక్క ఉన్న బంతి 25 శాతం నెమ్మదిగా వస్తాయి. వీటిని పిల్లల వస్తువులని చిన్నచూపు చూసే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. నాకది బాధగా ఉంటుంది, ఎందుకంటే మా బ్యాచ్ నిలబడింది ఆ బంతుల వల్లే. తరవాత చేరినచోట మా మాస్టారు మొదటి వారాల్లో మమ్మల్ని బేస్‌లైన్ దగ్గరికే వెళ్లనివ్వలేదు. నెట్‌కు అటూ ఇటూ సర్వీసు గీతల దగ్గర, అంటే 6.4 మీటర్ల దూరంలో నిలబెట్టి, నారింజ బంతితో ఇద్దరిద్దరిని ఆడించారు. ఆయన అడిగింది ఒక్కటే, బంతి ఇటూ అటూ ఎన్నిసార్లు తిరిగిందో జంటగా పైకి లెక్కపెట్టమని. గెలుపోటములు లేవు. పక్క జంట లెక్క వినిపిస్తుంటే మనకూ పంతం వస్తుంది. బ్యాంకులో రిటైరైన ఒక పెద్దాయన, ఇంటర్ చదివే కూతురున్న ఒక గృహిణి, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చే ఒక రైల్వే ఉద్యోగి అలా ఒకే కోర్టులో ఒకరికొకరు బంతి అందిస్తూ ఆడారు. బంతి బాగా తిరగడం మొదలయ్యాకే వెనక్కి జరిగాం, ఆకుపచ్చ బంతికి, ఆపైన పసుపు బంతికి మారాం.

సర్వీసు, అంటే పాయింట్‌ను మొదలుపెట్టే దెబ్బ, కష్టంగా ఉంటుంది. గ్రూపులో దానికి తగినంత సమయం దొరకదు. ఇక్కడ మాత్రం విడి కోచింగ్ పనికొస్తుంది. గ్రూపులో కొన్ని నెలలు గడిచాక సర్వీసు కోసమే కొన్ని విడి క్లాసులు తీసుకోండి. రాకెట్‌ను సుత్తిలా పట్టుకునే కాంటినెంటల్ గ్రిప్ అప్పుడే కుదురుగా నేర్చుకోవచ్చు.

రాకెట్‌కు ఎక్కువ పెట్టకండి. 270 నుంచి 285 గ్రాముల మధ్య బరువు, 100 చదరపు అంగుళాల తల ఉన్నది చాలు. పిడి లావు మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. పట్టుకున్నప్పుడు వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య రెండో చేతి చూపుడు వేలు పట్టేంత సందు ఉండాలి. కొత్తవారు గట్టి పాలియెస్టర్ తీగలు వేయించుకోవద్దు. మోచేయి నొప్పి పట్టుకుందంటే నెలల తరబడి వదలదు. మా బ్యాచ్‌లో ఇద్దరు ఆ నొప్పితోనే ఆట మానేశారు, వాళ్లిద్దరూ ఇప్పటికీ గుర్తొస్తారు. బ్యాక్‌హ్యాండ్, అంటే ఒంటికి రెండోవైపు వచ్చే బంతిని కొట్టే దెబ్బ, రెండు చేతులతో నేర్చుకుంటే మోచేతిమీద భారం తగ్గుతుంది. నడకకు వాడే బూట్లతో దిగకండి, పక్కకు అడుగు వేసినప్పుడు చీలమండ మెలిక పడుతుంది. టెన్నిస్ బూట్లే కొనండి. పక్క కోర్టు బంతి దొర్లుకుంటూ వస్తే, పాయింట్ ఎంత రసవత్తరంగా ఉన్నా, ఆట ఆపేయండి.

ఎప్పుడు చేరాలంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు. ఏప్రిల్, మే నెలల్లో పిల్లల వేసవి శిబిరాలతో కోర్టులు నిండిపోతాయి, పెద్దల బ్యాచ్‌ను ఏదో మూలకు నెట్టేస్తారు. పైగా ఏడు దాటితే ఆ ఎండలో నిలబడలేం. ఇంటికి దగ్గరగా ఉన్న కోర్టునే ఎంచుకోండి. భవానీపురంలో ఉంటూ బెంజి సర్కిల్ దాటి వెళ్లాలంటే ఉదయం వెళ్లడం సులువే, తిరిగొచ్చేటప్పుడు ఆ ట్రాఫిక్ మీ ఉత్సాహాన్ని తినేస్తుంది. దసరా రోజుల్లో వన్‌టౌన్ వైపు దారులు మూస్తారు, అప్పుడు మా బ్యాచ్ సగానికి సగం ఖాళీ.

చేరబోయేచోట ఒక మాట అడగండి: క్లాసు లేని రోజుల్లో బ్యాచ్‌వాళ్లు ఆడుకోవడానికి కోర్టు ఇస్తారా? మాకు ఆదివారం ఇచ్చేవారు. క్లాసులో నేర్చుకున్నది ఒంటబట్టింది ఆదివారాల్లోనే. కోచ్ ఉండరు, అంపైర్ ఉండరు. ఎవరి వైపు పడిన బంతికి వాళ్లే లోపలా బయటా చెప్పాలి, గీతను తాకితే లోపలే, అనుమానమొస్తే పాయింట్ ఎదుటివారికే. ఆరుగురం వస్తే నాలుగు గేములకొకసారి ఇద్దరు మారేవాళ్లం. డ్యూస్ వస్తే, అంటే గేములో స్కోరు 40-40 దగ్గర సమమైతే, ఒక్క పాయింట్‌తో తేల్చేవాళ్లం, బయట కూర్చున్నవాళ్లు ఎదురుచూడకుండా. సర్వీసు చేసేవారు ప్రతి పాయింట్ ముందూ స్కోరు పైకి చెప్పాలన్న అలవాటు కూడా అక్కడే పడింది, దానివల్ల ఎన్ని తగవులు తప్పాయో!

మీ శ్రీమతి విషయం. తప్పకుండా తీసుకెళ్లండి. మా బ్యాచ్‌లో నాతో కలిపి ముగ్గురం ఆడవాళ్లం, ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. ఒక్కరే వెళ్లాల్సి వస్తే సంకోచించే వాళ్లు ఇంట్లోవాళ్లతో వస్తే త్వరగా కలిసిపోతారు. ఆడా మగా జంటగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్ చాలా అందమైన ఆట. మన ఆంధ్ర ఆటగాడు సాకేత్ మైనేని 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి స్వర్ణం గెలిచింది అందులోనే. కానీ మొదటి కొన్ని నెలలు మీరిద్దరూ ఒకే జంటగా నిలబడకండి. భార్యాభర్తలు ఒకరి తప్పు ఒకరు దిద్దడం మొదలుపెడితే కోచ్ మాట ఎవరి చెవికీ ఎక్కదు. ఆవిడను వేరేవారితో ఆడనివ్వండి, మీరూ వేరేవారితో ఆడండి. ఇద్దరికీ ర్యాలీ, అంటే బంతి ఆగకుండా ఇటూ అటూ తిరగడం, నిలబడ్డాక ఆదివారం ఒకే వైపు దిగండి.