పిస్టల్ కేసుల మూతి కత్తిరించాలా?

ప్రశ్న: రైఫిల్ తూటాలు రీలోడ్ చేసేటప్పుడు (పేల్చిన ఇత్తడి గొట్టాన్నే, అంటే కేస్‌ని, మళ్లీ నింపేటప్పుడు) ప్రతిసారీ కేస్ పొడవు కొలిచి ట్రిమ్ చేయడం నాకు అలవాటు. ఈమధ్య చేతి తుపాకీ తూటాలు 9 ఎంఎం, .357 మ్యాగ్నమ్ కూడా మొదలుపెట్టాను. ఖాళీ కేసులు వందల్లో పోగుపడ్డాయి. ఇవన్నీ ట్రిమ్మర్‌లో పెట్టాల్సిందేనా? అక్కర్లేదని కొందరంటున్నా నాకు టెన్షన్‌గానే ఉంది.

జవాబు: 9 ఎంఎం అయితే ట్రిమ్మర్ జోలికే పోకండి. .357 సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

రైఫిల్ కేస్‌కి భుజం, మెడ ఉంటాయి. పేలినప్పుడు ఉబ్బిన కేస్‌ని సైజింగ్ డైలోకి (మళ్లీ అసలు కొలతకు తెచ్చే అచ్చులోకి) నొక్కితే భుజం దగ్గరి ఇత్తడి మెడలోకి పాకుతుంది, అందుకే అది సాగుతూ పోతుంది. నిలువు గోడల కేస్‌లో పాకడానికి ఆ భుజమే లేదు, పైగా పీడనమూ తక్కువే. పిస్టల్ తూటా .45 ఏసీపీకైతే పీడనం పరిమితి 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). ఇలాంటి కేసులు సాగడం అటుంచి, వాడేకొద్దీ కాస్త పొట్టివవుతాయి కూడా. నేనూ మొదట్లో మీలాగే ఒక సాయంత్రమంతా కూర్చుని 9 ఎంఎం కేసులన్నీ ట్రిమ్మర్‌లో తిప్పాను, బ్లేడుకు తగిలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. 9 ఎంఎం గరిష్ఠ పొడవు 19.15 మిల్లీమీటర్లు, చాలావరకు అంతకంటే పొట్టిగానే ఉంటాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 9 ఎంఎం, .45 ఏసీపీ లాంటివి ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే గదిలో) ఆనుకునేది మూతి అంచు మీదే. దాన్ని అదనంగా కత్తిరిస్తే తూటా లోపలికి జారి, ఖాళీ కేస్‌ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం పట్టుకుని ఉంటేనే నిలబడే పరిస్థితి వస్తుంది. అంటే లేని సమస్యను పనిగట్టుకుని తెచ్చుకున్నట్టే.

.357కి ఈ గొడవ లేదు, రిమ్ (కేస్ అడుగున వెడల్పుగా ఉండే అంచు) మీద ఆనుతుంది. దాని పేచీ అంతా క్రింప్‌తోనే, అంటే బుల్లెట్ కదలకుండా కేస్ మూతిని బిగించడంతోనే. రోల్ క్రింప్‌లో మూతి అంచు లోపలికి మడిచి బుల్లెట్ గాడిలో దిగాలి కదా, క్రింప్ వేసే డై మాత్రం ఒకే ఎత్తులో ఉంటుంది. పొడవు కేస్‌కి మడత గట్టిగా పడి ఒక్కోసారి కేస్ గోడే ఉబ్బిపోతుంది, పొట్టిదానికేమో సరిగ్గా పడదు. క్రింప్ వదులైతే మ్యాగ్నమ్ తన్నుకి రివాల్వర్‌లో మిగతా గదుల్లోని బుల్లెట్లు ముందుకు జారి, సిలిండర్ తిరగకుండా ఇరుక్కుంటుంది. కాబట్టి సైజింగ్ అయ్యాక (ముందు కొలిస్తే లాభం లేదు) ఒక గుంపును కొలవండి. 32.77 మిల్లీమీటర్లు దాటినవి తప్పకుండా ట్రిమ్ చేయాలి, దాటకపోయినా హెచ్చుతగ్గులు బాగా ఉంటే ఒక్కసారి అన్నీ సమానం చేసి, మూతి లోపలా బయటా గరుకు తీసేయండి. ఆ గుంపును వేరే డబ్బాలో పెట్టుకుంటే, అప్పుడప్పుడు నాలుగైదు కొలిచి చూస్తే చాలు.

నిజానికి పిస్టల్ కేసులు పొడవు పెరిగి పాడైపోవడం అరుదు. ప్రతిసారీ మూతి విప్పడం, మళ్లీ మడవడంతో ఇత్తడి పెళుసెక్కి అంచున సన్నటి నిలువు చీలిక వస్తుంది. నాలుగు కేసులు గుప్పిట్లో వేసి గలగలలాడించండి, చీలినది ఖంగుమనదు, బొంగురుగా మోగుతుంది. దాన్ని తీసి పారేయండి, ట్రిమ్ చేసి బతికిద్దామని చూడకండి.