గోధుమ సోకని దీపావళి మిక్చర్

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

బాబుకు సీలియాక్ అని, అంటే గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని జబ్బని, తేలినప్పటి నుంచి పండగ మాటెత్తితేనే నీకు బెంగగా ఉంటోందని మీ అమ్మ చెప్పింది. మిక్చర్ విషయంలో ఆ బెంగ పెట్టుకోకు. శనగపిండి, బియ్యప్పిండి, అటుకులు, పల్లీలు, పుట్నాలు, ఇవే కదా మన మిక్చర్. అందులో గోధుమకు అసలు చోటే లేదు. అయినా బజారు మిక్చర్ తింటే వాడికి పడకపోవచ్చు. ఎందుకంటే గోధుమ అందులోకి దినుసుగా రాదు, దారిలో అంటుకుని వస్తుంది. ఇంగువలో వస్తుంది, పిండిమరలో వస్తుంది, జల్లెడలో వస్తుంది, నిన్న పూరీలు వేయించిన నూనెలో వస్తుంది. ముందు ఆ దారులన్నీ మూసెయ్యి. ఆ తర్వాత మిగిలేది మామూలు వంటే.

ఒక మాట ముందే చెబుతున్నాను. వాడికొకటి, ఇంట్లోవాళ్లకొకటి అని రెండు రకాలు చేయకు. గోధుమ లేకపోతే మిక్చర్ రుచి రవ్వంత కూడా తగ్గదు. అందరికీ ఒకటే చేస్తే గరిటెలు మారిపోయే భయం ఉండదు, తన పళ్లెం వేరనే బాధ పిల్లాడికీ ఉండదు.

ఇంగువ దగ్గర మొదలుపెడతాను, చాలామంది దెబ్బతినేది అక్కడే. మనం కొనే పొడి ఇంగువ ఉత్త ఇంగువ కాదు. అసలు ఇంగువ బంక బాగా ఘాటు కాబట్టి అందులో పిండి, తినే జిగురు కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలాసార్లు గోధుమపిండో మైదానో అయి ఉంటుంది. ముద్ద ఇంగువ అయితే శుద్ధంగా ఉంటుందనుకుంటారు, అదీ నిజం కాదు. ముద్దలో కూడా పిండి కలుపుతారు. డబ్బా వెనక దినుసుల పట్టీ చదువు. బియ్యప్పిండితో చేసినదీ, గ్లూటెన్ లేదని రాసి ఉన్నదీ దొరికితేనే తీసుకో. దొరక్కపోతే ఇంగువ మానెయ్యి, వెల్లుల్లి, వాము ఆ లోటు తెలియనివ్వవు. ఇదే కారణంగా పైన చల్లే చాట్ మసాలా కూడా వద్దు, అందులోనూ ఇంగువే ఉంటుంది. పులుపు కావాలంటే ఎండు మామిడికాయ పొడి చాలు.

ఇక పిండి. వీధి చివరి మరలో ఆడించకు. మన ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని వెళ్లి ఉంటారు, రాళ్ల మధ్యా గొట్టంలోనూ ఆ పిండి నిలిచి ఉంటుంది. ముందు కిలో బియ్యం పోసి మర కడిగించాం కదా అని కొందరు ధైర్యం చెబుతారు. సీలియాక్ ఉన్నవాళ్లకు ఆ ధైర్యం పనికిరాదు. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం గ్లూటెన్ లేదని రాసిన సరుకులో కిలోకి 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. ఆ లెక్కన మర మూలల్లో మిగిలిన చిటికెడు పిండి కూడా ఎక్కువే. విడిగా తూచి ఇచ్చే శనగపిండి కూడా వద్దు. అందులో వేరే పిండి కలిసి ఉండొచ్చు, పైగా మైదా తీసిన చెంచాతోనే దాన్నీ తీస్తారు. గ్లూటెన్ లేదని రాసి ఉన్న ప్యాకెట్టు కొనుక్కో, లేదంటే ఇంట్లోనే చేసుకో.

ఇంట్లో చేయాలంటే కిలో పచ్చిశనగపప్పు పళ్లెంలో పరిచి గింజ గింజా చూడు. పప్పుల్లో గోధుమ గింజలు ఒకటీ అరా తగులుతుంటాయి. చూశాక ఒకసారి కడిగి, గలగలలాడేదాకా ఎండబెట్టి, మిక్సీలో కొద్దికొద్దిగా వేసి పట్టు. సన్న జల్లెడలో జల్లించాక మిగిలిన రవ్వను మళ్లీ మిక్సీలో వెయ్యి, చివరికి మిగిలింది వడపిండిలో కలుపుకో. బియ్యప్పిండి కూడా ఇలాగే, పొడిబియ్యంతో. మిక్సీ పిండి మర పిండి అంత మెత్తగా రాదు. అందుకే బూందీ పిండి కలిపాక పావుగంట నాననివ్వాలి.

జల్లెడ కొత్తది కొను, ఇది మాత్రం తప్పదు. గోధుమపిండి జల్లించిన జల్లెడ కన్నాల్లో పిండి ఇరుక్కుని ఉంటుంది, ఎంత కడిగినా పూర్తిగా పోదు. చెక్క జంతికల గొట్టం, చపాతీ పీట, గీతలు పడిన నాన్‌స్టిక్ మూకుడు కూడా వాడకు. స్టీలు, ఇత్తడి సామాను వేడినీళ్లు, సబ్బు పెట్టి బాగా తోమితే సరిపోతుంది. జంతికల గొట్టం బిళ్ల కన్నాలను మాత్రం పుల్లతో ఒక్కొక్కటీ పొడిచి చూడు.

నూనె కొత్త ప్యాకెట్టు విప్పు. మరిగే నూనెలో గ్లూటెన్ కాలిపోతుందని కొందరు అంటారు, అది పోదు. పూరీలో కజ్జికాయలో వేయించిన నూనెలో పిండి రేణువులు ఉంటాయి, అవి మిక్చర్‌కు పట్టుకుంటాయి. కజ్జికాయలు చేసే ఆలోచన ఉంటే ముందు మిక్చర్ చేసి, డబ్బాకెత్తి, మూత బిగించి, మర్నాడు మైదా బయటికి తియ్యి. మైదా జల్లిస్తే గాలిలో చాలాసేపు తేలుతుంది. నన్నడిగితే ఈ ఏడాదికి కజ్జికాయలు మానేసి సున్నుండలు, అరిసెలు చేసుకో. రవ్వలడ్డు కూడా వద్దు, బొంబాయి రవ్వ గోధుమే అన్న సంగతి చాలామందికి తట్టదు. చిన్నదానికి కూడా పరీక్ష చేయించమన్నారట కదా. అది అయ్యేదాకా దానికి గోధుమ మాన్పించకు, మానేస్తే పరీక్షలో సరిగ్గా తేలదు.

ఇప్పుడు కొలతలు. ఒకటింబావు కిలో నుంచి కిలోన్నర దాకా వచ్చేలా చెబుతున్నాను. కారప్పూసకు 250 గ్రాముల శనగపిండి, 50 గ్రాముల బియ్యప్పిండి. బూందీకి 200 గ్రాముల శనగపిండి, రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి. మందం అటుకులు 150 గ్రాములు, మొక్కజొన్న అటుకులు 100, పల్లీలు 200, పుట్నాలు 100, జీడిపప్పు 50, పల్చగా తరిగిన ఎండుకొబ్బరి 50 గ్రాములు. వెల్లుల్లి రెబ్బలు పది పన్నెండు, కరివేపాకు రెండు గుప్పిళ్లు, నూనె లీటరున్నర. మొక్కజొన్న అటుకులంటే వేయిస్తే పొంగే పచ్చివి. పొద్దున్నే పాలలో వేసుకునే కార్న్‌ఫ్లేక్స్ కాదు, వాటిలో తరచూ బార్లీ మాల్ట్ ఉంటుంది, బార్లీ కూడా వాడికి పడదు.

కరివేపాకు ముందు రోజే కడిగి నీడన ఆరబెట్టు. దీపావళి ముందు కోస్తాలో ముసురు పట్టిందంటే ఒక పూటలో ఆరదు.

కారప్పూసతో మొదలుపెట్టు, నూనె శుభ్రంగా ఉన్నప్పుడే దాని రంగు బాగుంటుంది. అరచెంచా వాము నూరి, పావు గ్లాసు నీళ్లలో కలిపి వడకట్టు. నేరుగా వేస్తే వాము పలుకులు బిళ్ల కన్నాలకు అడ్డం పడతాయి. పిండిలో చెంచా ఉప్పు, చెంచా కారం, రెండు పెద్ద చెంచాల కాగిన నూనె వేసి, చల్లారాక చేత్తో కలుపు. పిండి పిడికిట్లో ముద్దకట్టి, నలిపితే విడిపోవాలి. నూనె ఎక్కువైతే పూస నూనెలోనే విరిగి పొడవుతుంది, తక్కువైతే గట్టిపడి పంటికి లొంగదు. వాము నీళ్లు, తర్వాత మామూలు నీళ్లు కొంచెం కొంచెంగా చల్లుతూ మెత్తగా కలుపు. మొత్తం 130 నుంచి 150 మిల్లీలీటర్లు పడతాయి. శనగపిండి ముద్ద నిలవ ఉంటే జారుతుంది కాబట్టి కలిపిన వెంటనే ఒత్తెయ్యి. మధ్యస్థం మంట మీద నురగ తగ్గగానే తిప్పి, లేత పసుపు మీదున్నప్పుడే తియ్యి. ఎర్రబడిందంటే చేదెక్కినట్టే.

బూందీకి కాస్త ఓపిక కావాలి. పిండిలో ముప్పావు చెంచా ఉప్పు, చిటికెడు పసుపు వేసి, ముందు 200 మిల్లీలీటర్ల నీళ్లతో ఉండలు లేకుండా కలుపు. ఆ తర్వాత చెంచా చెంచాగా పోస్తూ జారుగా తెచ్చుకో, 240 దాకా పట్టొచ్చు. వంటసోడా వద్దు, వేస్తే బూందీ నూనె పీలుస్తుంది. కరకరకు ఆ బియ్యప్పిండి చాలు. మూకుడు సగానికి మించి నూనె పోయకు. నూనె కాగిందో లేదో ఒక చుక్క వేసి చూడు. చుక్క అడుగుకు పోకుండా వెంటనే పైకి తేలాలి. అడుగున కూర్చుంటే వేడి చాలలేదు, పడగానే నల్లబడితే ఎక్కువైంది. బూందీ గరిటెను నూనెకు మూడు నాలుగు అంగుళాల ఎత్తున పట్టుకుని ఒక గరిటెడు పిండి పొయ్యి. పిండి దానంతటదే రాలాలి, రుద్దొద్దు. గింజలు బిళ్లల్లా చదునుగా వస్తే పిండి పల్చనైంది, చెంచా శనగపిండి కలుపు. తోకలొస్తే చిక్కనైంది, చెంచా నీళ్లు పొయ్యి. మొదటి వాయి గుండ్రంగా వచ్చి రెండో వాయికి తోకలొస్తే తప్పు పిండిది కాదు, గరిటె అడుగున అంటుకున్న పిండిది. వాయి వాయికీ గరిటె కడిగి, తడి లేకుండా తుడువు, తడి ఉంటే నూనె చిమ్ముతుంది. నూనె మీద గింజలు ఒక వరసగా మాత్రమే పట్టాలి. చిటపట చప్పుడు పూర్తిగా ఆగేదాకా తియ్యకు. చప్పుడు ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టు, ఆ బూందీ రెండో రోజుకే మెత్తబడుతుంది.

తర్వాత మంట పెంచి అటుకులు. తీగ జాలిలో గుప్పెడు వేసి నూనెలో ముంచితే క్షణాల్లో పొంగి తేలతాయి, వెంటనే ఎత్తెయ్యి. నూనె చల్లగా ఉంటే పొంగకుండా నూనె తాగి బండగా అవుతాయి. మొక్కజొన్న అటుకులూ అంతే. పల్లీలకు మంట తగ్గించు. పొట్టు చిట్లి రంగు మారడం మొదలవగానే తియ్యి, బయటికి తీశాక కూడా అవి కాసేపు వేగుతూనే ఉంటాయి. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి పది లెక్కపెట్టేలోగా తీసెయ్యాలి. జీడిపప్పు, కొబ్బరి లేత బంగారు రంగుకు వస్తే చాలు. మిక్చర్ రెండు వారాలకు మించి ఉంచాలనుకుంటే కొబ్బరి వెయ్యకు, ముందుగా కనరెక్కేది అదే. పొట్టుతో దంచిన వెల్లుల్లి, కరివేపాకు చివరన వేయించు, వాటిలోనే తడి ఎక్కువ. వెల్లుల్లి లోపలిదాకా ఎర్రగా వేగకపోతే డబ్బా మొత్తాన్ని మెత్తబరుస్తుంది.

కలిపేటప్పుడు ఉప్పు దగ్గర జాగ్రత్త. కారప్పూసలో, బూందీలో ఉప్పు ముందే ఉంది, పైన వేసేది మిగతావాటికే. చెంచాన్నర ఉప్పు, రెండు చెంచాల కారం, అరచెంచా పసుపు, ఇష్టమైతే రెండు చెంచాల పంచదార కలిపి మిక్సీలో మెత్తగా పట్టు. పలుకు ఉప్పు నిలవదు, జారి అడుగుకు చేరుతుంది. ఈ పొడి అటుకులు, పల్లీలు వేడిగా ఉన్నప్పుడే చల్లు, పైనున్న నూనె తడికి పట్టుకుంటుంది. కారప్పూస, బూందీ మాత్రం చల్లారాకే కలుపు. వేడిమీద మూత పెడితే ఆవిరి మూతకు పట్టి తిరిగి అందులోనే పడుతుంది. వెడల్పు పళ్లేల్లో రెండు గంటలు ఆరనిచ్చి, బిగుతైన స్టీలు డబ్బాకెత్తు. ముసురుకు మెత్తబడితే పొడి మూకుడులో సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు కదిపితే మళ్లీ కరకరలాడుతుంది.

చుట్టాలొచ్చినప్పుడు డబ్బా వాళ్ల ముందు పెట్టకు. బజారు స్వీట్లు, బిస్కట్లు పట్టుకున్న చేతులు అందులో పడతాయి. గిన్నెల్లో పెట్టి ఇవ్వు, గిన్నెలో మిగిలింది తిరిగి డబ్బాలో పొయ్యకు. బాబు వాటా మొదటే చిన్న డబ్బాకెత్తి వేరే అరలో పెట్టు, దాని చెంచా దాంట్లోనే ఉంచు. బడికి పట్టుకెళ్లేటప్పుడు స్నేహితులకూ సరిపడా కట్టివ్వు, అప్పుడు వాళ్ల డబ్బాల వైపు వాడి చెయ్యి పోదు.

మిగిలిన నూనె వడకట్టి, సీసా మీద వాడి పేరు రాసి, ఆ వారంలో వాడి కూరలకే వాడెయ్యి. పూరీలకు మాత్రం తియ్యకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ