పాలన్నం తినే పిల్లికి వేటెందుకు?

ప్రశ్న: మా పిల్లికి రెండు పూటలా పాలన్నమో పెరుగన్నమో పెడుతున్నాం. అయినా తొండల్నీ ఉడతల్నీ పట్టుకొచ్చి వరండాలో పడేస్తుంది. పొలం గట్ల మీద తిరిగే అడవి పిల్లి రక్తం కలిసిందని మా మామగారు అంటున్నారు. నిజమేనా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మామగారు సగం కరెక్టేనమ్మా. అడవి రక్తమే, కాకపోతే ఆయన అనుకుంటున్న పిల్లిది కాదు. మన చెరకు తోటల్లో తిరిగేదానికి కాళ్లు పొడుగు, తోక పొట్టి, చెవుల కొసన చిన్న కుచ్చులు. ఇంటి పిల్లుల వంశం మాత్రం పశ్చిమాసియాలోని మరో జాతి అడవి పిల్లులదని 2007లో 979 పిల్లుల డీఎన్ఏ చూసి తేల్చారు. అక్కడ మనిషి ధాన్యం దాచుకుంటే ఎలుకలు చేరాయి, వాటికోసం ఇవీ చేరాయి. సైప్రస్‌లో సుమారు 9,500 ఏళ్ల నాటి సమాధి పక్కనే ఒక పిల్లినీ పూడ్చిపెట్టారు.

ఇన్ని వేల ఏళ్లలో మారిందేమిటంటారా? ముఖ్యంగా మనిషంటే బెరుకు తగ్గింది. కుక్కనైతే కాపలాకనీ, మందకనీ ఏరి ఏరి పెంచాం. పిల్లి తన పని తనే చేసుకుపోతుంటే దాన్ని మార్చాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అందుకే దాని పళ్లు, గోళ్లు, ఆకలి అన్నీ వేటగాడివే. నాలుకకు తీపి కూడా తెలియదు.

నాకు టెన్షన్ మీ ఉడతల గురించి కాదు, ఆ పాలన్నం గురించి. టారిన్ అనే పదార్థాన్ని పిల్లి ఒళ్లు చాలినంత తయారుచేసుకోలేదు. అది మాంసం, చేపల్లోనే దొరకాలి. కరువైతే కంటిచూపు పోతుంది, గుండె కండరం నీరసిస్తుంది. పైగా పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు. మాంసం చాలక మీ పిల్లి ఆ తొండల్ని తింటోందేమో కూడా గమనించండి.

ఉప్పూకారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చేపో కోడిమాంసమో పెట్టండి. ముళ్లూ ఎముకలూ తీసేయండి. టారిన్ కొంత నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లూ పోయండి. ఇది అలవాటు చేశాక రోజువారీ తిండిగా క్యాట్ ఫుడ్ ఉంటే ఇంకా నయం. ఇంట్లో నీచు వండరంటే అదొక్కటే దారి. చవకని డాగ్ ఫుడ్ తేకండి, అందులో టారిన్ చాలకపోవచ్చు.

కడుపు నిండినా వేట పూర్తిగా మానదు. కానీ ఇంగ్లండ్‌లో చేసిన ఒక పరిశీలనలో, మాంసం బాగా ఉన్న తిండి పెట్టిన ఇళ్లకు పిల్లులు పట్టుకొచ్చే జీవాలు 36 శాతం తగ్గాయి. రోజూ 5–10 నిమిషాలు ఆడించిన ఇళ్లలో 25 శాతం తగ్గాయి. పుల్లకు దారం కట్టి, కొసన ఈక పెట్టి ఆడించండి. ఆ పని మామగారికి అప్పజెప్పినా సరే.