మీ నాన్న బండిని రోడ్డెక్కించే ముందు

కంచరపాలెం,
విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ నాన్న పందెం ఫియట్‌ను అమ్మే ఆలోచన మానుకున్నావనీ, రోజూ నడిపే బండిగా మార్చుకుంటావనీ చదివి చాలాసేపు ఆ కాగితం పట్టుకునే కూర్చున్నాను. ఆ ఇంజిన్‌ను మీ నాన్నా నేనూ కలిసి ఎన్నిసార్లు దించామో లెక్కలేదు. నువ్వు దాన్ని ఆటోనగర్‌కు తోలుకెళ్లే లోపే ఈ ఉత్తరం నీ చేతికి అందాలని రాత్రికి రాత్రే రాస్తున్నాను.

ఆ బండిని పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా పరుగెత్తడానికి తయారుచేశాం. అంతకు మించి దానికి ఏమీ నేర్పలేదు. ఎండలో సిగ్నల్ దగ్గర నిలబడడం, మలుపు తిరగడం, కొండ దిగుతూ ఆగడం దానికి తెలియవు. నువ్వు రాసిన పనుల వరుసలో ఇంజిన్ మొదట, బ్రేకులు చివర ఉన్నాయి. ఆ వరుసను తలకిందులు చెయ్యి.

ఎందుకో చెబుతాను. చాలా ఏళ్ల కిందట నేను కూడా ఒక పాత కారు ఇంజిన్ మీదే మోజుపడి, బ్రేకుల సంగతి వచ్చే నెల చూద్దామనుకున్నాను. సింహాచలం ఘాట్ దిగుతుంటే ఒక మలుపు దగ్గర పెడల్ నేలకు తగిలింది. పక్కన మీ నాన్న ఉన్నాడు. చెయ్యి చాచి హ్యాండ్‌బ్రేకు లాగాడు. నేను గేరు దించి, బండిని కొండవైపు గట్టుకు ఒరిపించి ఆపాను. రేకు నలిగింది, మనుషులం మిగిలాం. ఇల్లు చేరేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఫియట్ 1100కు నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. ఇప్పుడు వాటిలో ఉన్నది పందెం లైనింగు. వేడెక్కితే తప్ప గట్టిగా పట్టదు, పొద్దున్నే పాలకు వెళ్లేవాడికి అది పనికిరాదు. మామూలు లైనింగు వేయించి, డ్రమ్ములు గుండ్రంగా ఉన్నాయో లేదో లేతు మీద చూపించు. పందెం మొదలయ్యే ముందు వెనక టైర్లను ఉన్నచోటే తిప్పి వేడెక్కించడానికి, ముందు చక్రాల బ్రేకులను బిగించి ఉంచే లాక్ ఒకటి పైపులో పెట్టాం. దాన్ని తీసేసి ఆ పైపు మొత్తం కొత్తది వేయించు. అన్నిటికంటే ముఖ్యం మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేకు నూనెను చక్రాలకు తోసేది. పాతదానికి ఒకటే గది, ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. రెండు గదుల ట్యాండమ్ సిలిండర్ వేయించి ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి విడిగా పైపులు తీయించు. ఇక్కడ డబ్బుకు వెనకాడితే నేను ఒప్పుకోను.

ఇంజిన్ సంగతికి వస్తే, ముందు ఒక్కటి తేల్చుకోవాలి. పందెం ఇంజిన్‌లో సిలిండర్ గోడలు వంగకుండా కొందరు బ్లాకులోని నీటి దారులను సిమెంటులా గట్టిపడే మందుతో నింపేస్తారు. కొన్ని సెకన్ల పరుగుకు నీళ్లు పెద్దగా అక్కర్లేదు కాబట్టి అది చెల్లుతుంది. నేను చూసినప్పుడు ఈ బ్లాకును నింపలేదు. కానీ చివరి రెండు సీజన్లలో మీ నాన్న వేరేచోట పని చేయించాడు. బ్లాకు పక్కన కొట్టిన గుండ్రటి రేకు మూతలు ఊడదీసి, లోపలికి తీగ పెట్టి ఎంత లోతు పోతోందో చూడు. అడుగున కొంత మాత్రమే నిండి ఉంటే పెద్ద రేడియేటర్‌తో నెట్టుకురావచ్చు. పైదాకా నిండి ఉంటే ఆ బ్లాకు ఊళ్లో తిరగడానికి కాదు. దాన్ని నూనె రాసి దాచిపెట్టి, అదే 1089 సీసీ ఇంజిన్ ఇంకోటి వెతుకు. ఇది తేలకుండా ఇంజిన్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టవద్దు.

బ్లాకు బాగుంటే తర్వాత కంప్రెషన్, అంటే సిలిండర్‌లోని గాలీ పెట్రోలునూ పిస్టన్ ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క. సిలిండర్ల మీది మూతను, అదే హెడ్డును, ఫేసింగ్ చేయించి అరగదీసి అరగదీసి దాన్ని పన్నెండు దాకా తెచ్చాం. అది పందెం పెట్రోలు మీద బతికింది. బంకు పెట్రోలు పోసి కొండ ఎక్కుడులో యాక్సిలేటర్ తొక్కావంటే నాకింగ్ వచ్చి, అంటే పెట్రోలు దానంతటదే పేలి, పిస్టన్లు చిల్లులు పడతాయి. మందమైన గ్యాస్కెట్టో, వేరే పిస్టన్లో వేయించి ఎనిమిదిన్నర దగ్గరకు దించు. సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 నాటికే ఆగిపోయింది. ఆ సీసమే పాత ఇంజిన్ల వాల్వు సీట్లను అరగకుండా కాపాడేది. కాబట్టి హెడ్డు విప్పిన ఆ చేత్తోనే గట్టి సీట్లు కూడా వేయించు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇ20లో ఐదో వంతు ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది, తేమను పీల్చుకుంటుంది. పెట్రోలు పైపులు, పంపులోని డయాఫ్రం ఇథనాల్‌కు తట్టుకునేవి కొను. గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమం పలచబడుతుంది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వచ్చే రంధ్రాలు, అదే జెట్లు, కూడా ఒక మెట్టు పెద్దవి కావాలి.

వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టు మార్చడానికి నీకు మనసు ఒప్పదని తెలుసు. ఆ గుర్రపు నడక శబ్దం మీ నాన్నకు ప్రాణం. కానీ ఆ క్యామ్‌తో ఇంజిన్ నెమ్మదిగా తిరగదు, కాలని పెట్రోలు పొగ గొట్టంలోంచి పోతుంది. పాత పెట్రోలు కార్లకు పొగ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. ఈ క్యామ్‌తో ఆ పరీక్ష గట్టెక్కడం కష్టం. మామూలు క్యామ్ వేయించు, సైలెన్సర్ పెట్టించు. తీసిన క్యామ్‌ను గుడ్డలో చుట్టి నాకివ్వు, నేను దాస్తాను.

చల్లదనం విషయంలో మన ఊరితో మొహమాటం పనికిరాదు. మే నెల మధ్యాహ్నం ఎన్‌ఏడీ కూడలి దగ్గర పావుగంట నిలబడి, వేడి చూపే ముల్లు ఎర్రగీత తాకకపోతేనే పని పూర్తయినట్టు. పూర్తి సైజు రేడియేటర్, ఫ్యాను, థర్మోస్టాట్ తిరిగి పెట్టించు. బరువని డైనమో కూడా తీసేశాం, బండి బ్యాటరీ మీదే నడిచింది. ఆల్టర్నేటర్ పెట్టి, వైరింగ్ ఫ్యూజులతో సహా కొత్తగా లాగించు. దీపాలు, హారను, వైపర్లు, అద్దాలు వాటి వెనకే వస్తాయి.

వెనక డిఫరెన్షియల్‌ను వెల్డింగ్ చేసి బిగించాం, రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరగాలని. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కదా, దీనికి ఆ వీలు లేదు. కైలాసగిరి మలుపుల్లో టైరు ఈడ్చుకుపోతుంది, వాన పడితే వెనక భాగం జారుతుంది, చివరికి ఇరుసే విరుగుతుంది. మామూలు డిఫరెన్షియల్ దొరికేదాకా ఆ బండిని షెడ్డు దాటించవద్దు. గాడులు లేని నున్నటి టైర్ల గురించి వేరే చెప్పాలా? గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది చట్టం.

లోపలి ఇనుప పంజరం భద్రత అనుకుంటున్నావు. హెల్మెట్ పెట్టుకున్నవాడికే అది భద్రత. ఉత్త తలతో కూర్చున్నప్పుడు చిన్న గుద్దుకే ఆ గొట్టం తలకు తగులుతుంది. తల చుట్టూ ఉన్న గొట్టాలు విప్పించు, మూడు చోట్ల బిగించే సీటు బెల్టులు పెట్టించు. అమ్మను ఎక్కించుకుంటావు కదా.

నాకు ఎక్కువ దిగులు తుప్పు గురించి. ఫియట్ 1100కు లారీలా వేరే ఛాసిస్ ఉండదు, ఆ రేకు పెట్టే దాని ఎముకల గూడు. బరువు తగ్గించాలని మేము దానికి ఎన్నో చిల్లులు వేశాం. పెదవాల్తేరులో మీ ఇల్లు సముద్రానికి కూతవేటు దూరం. ఆ చిల్లుల అంచుల్లోంచి ఉప్పుగాలి ఇన్నేళ్లుగా లోపలికి పోతోంది. తలుపుల కింది పెట్టెల్లాంటి భాగాలను సుత్తితో తట్టి చూడు. గల్లున మోగితే మంచిది, మొద్దుగా వినిపిస్తే కోసి కొత్త రేకు వేయించాలి. రంగు వేయించే ముందే ఈ టింకరింగ్ అయిపోవాలి. పైన మెరిసే రంగు వేసి లోపల కుళ్లును దాచే పని నా చేతుల మీదుగా జరగదు.

కాగితాలు. ఆర్సీ ఇంకా మీ నాన్న పేరునే ఉంది కాబట్టి వారసత్వ బదిలీకి ఫారం 31 పెట్టు. మొదటి 15 ఏళ్లు ఎప్పుడో దాటాయి, ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగిస్తారు, తనిఖీకి బండిని చూపించాలి. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి 20,000 రూపాయలు కట్టి ప్రత్యేక నంబరు తీసుకోవచ్చని ఎవరైనా చెబుతారు. ఆ దారి నీకు కుదరదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చని బళ్లకే అది వర్తిస్తుంది, పైగా అలాంటి బండిని రోజువారీగా నడపకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలకు భిన్నంగా బండి ఉండకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాల్సి వస్తే ముందు రవాణా శాఖ అనుమతి తీసుకో. తయారైన నాటి రూపానికి ఎంత దగ్గరగా తెస్తే నీకు అంత సుఖం.

తీసిన ప్రతి భాగానికీ చీటీ కట్టి, తేదీ రాసి పెట్టెలో పెట్టు. రేపు నీ పిల్లలు తాతగారి పందెం బండి ఎలా ఉండేదని అడిగితే చూపించడానికి ఉండాలి.

అన్నీ అయ్యాక మొదట ఋషికొండ నుంచి భీమిలి దాకా చదునుగా నడిపి చూడు. నెల రోజులు అలా తిరిగాక సింహాచలం ఎక్కుదాం. దిగేటప్పుడు పక్క సీట్లో నేను కూర్చుంటాను. అరకు ఘాట్ సంగతి వచ్చే ఏడాది.

వచ్చే ఆదివారం పొద్దున్న ఆరింటికి మీ షెడ్డుకు వస్తాను. రేడియేటర్‌లో నీళ్లు ముందు రోజే దించేసి ఉంచు. ఆ రేకు మూతలు ఇద్దరం కలిసే విప్పుదాం.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య