మాత్ర మంచిదే, పాలతోనే వచ్చింది తంటా

"మామగారు నొప్పికి ట్రమడాల్ వాడుతున్నారు, మలబద్ధకానికి విరేచనం అయ్యే మందు ఎంత వేసినా పనిచేయట్లేదు, మిగతా మందుల వల్ల అలా జరుగుతుందా?" అని అడిగారు. జరుగుతుంది. నేను డాక్టర్ని కాను. కానీ మా నాన్నగారికి ఎముకల క్యాన్సర్ ఉన్నప్పుడు ఏడు నెలలు మా రామ్‌నగర్ ఇంట్లో అందరి ధ్యాసా ఆయన మోషన్ మీదే.

మార్ఫిన్ మొదలైన నాలుగో రోజుకి పొట్ట బిగుసుకుపోయింది. పొద్దున్నే పేపర్ పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లి, సినిమా ప్రకటనలతో సహా చదివేసి, పని మాత్రం కాకుండానే బయటికొచ్చేవారు. అమ్మ ఈసబ్‌గోల్ కలిపి ఇచ్చింది. మార్ఫిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులతో పేగు కదలికే మందగిస్తుంది. రాత్రి లేవాల్సి వస్తుందని నాన్న నీళ్లు తాగరు. నీళ్లు చాలక ఆ పొట్టు లోపల ముద్దకట్టి ఇంకా ఇబ్బంది పెట్టింది. మా పెద్దమ్మ ఫోన్‌లో ఆముదం అంది, పక్కింటాయన బొప్పాయి అన్నాడు. పరామర్శకి వచ్చినవాళ్లంతా వైద్యులే మరి.

తర్వాత డాక్టర్ విరేచనం అవడానికి బిసాకోడిల్ మాత్ర రాశారు. "ఖాళీ కడుపుతో వేడి చేస్తుంది, పాలతో వేసుకోండి" అని అమ్మ పెద్ద గ్లాసు గోరువెచ్చటి పాలు ఇచ్చింది. ఆ పైన గ్యాస్‌కని ఒక మూత యాంటాసిడ్ సిరప్. రాత్రి ఒంటిగంట దాటాక నాన్న పొట్ట పట్టుకుని మంచం మీద మెలికలు తిరిగిపోయారు. పొద్దున చూస్తే మోషన్ మాత్రం లేదు. "ఈ మాత్ర నాకు పడదు" అని తేల్చేశారు.

రెండ్రోజుల తర్వాత ఇంటికొచ్చిన నర్సు ఒక్కటే అడిగింది: "మాత్ర దేంతో వేస్తున్నారమ్మా?" ఆ మాత్ర మీద ఉన్న పూత పేగులోకి వెళ్లాకే కరగాలట. పాలు, యాంటాసిడ్ కడుపులోని యాసిడ్‌ని తగ్గిస్తే అది అక్కడే కరిగిపోతుంది. మెలిపెట్టే నొప్పి మిగులుతుంది, పని సరిగా జరగదు. మాత్రకీ వాటికీ కనీసం గంట ఎడం ఉండాలి, నమలకూడదు, చితక్కొట్టకూడదు. రోజూ వేసుకునే గ్యాస్ మాత్ర ఉంటే అదీ చెప్పాలి.

ఆమె అంతటితో ఆగలేదు. మందుల కవర్లన్నీ మంచం మీద కుమ్మరించమంది. వాంతులకి ఒండాన్‌సెట్రాన్, నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, రక్తం తక్కువని ఐరన్. మూడూ మలబద్ధకం తెచ్చేవే! ముగ్గురు డాక్టర్లు మూడు చీటీల్లో రాశారు, ఒకరి చీటీ ఇంకొకరు చూడలేదు. నాకు ఒళ్లు మండింది. కన్సల్టేషన్ ఫీజు మాత్రం ముగ్గురూ మర్చిపోలేదు.

ఇంకో కోపం కూడా చెప్పేస్తాను. మత్తుమందుల మీద ఉన్న 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సడలించినా మా వీధి మెడికల్ షాపులో మార్ఫిన్ లేదు. ప్రతిసారీ ట్రాఫిక్‌లో హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆస్పత్రి దాకా వెళ్లాను. అంత కష్టపడి తెచ్చుకునే మాత్రతో పాటే, మొదటి రోజునుంచే విరేచనం అయ్యే మందు కూడా మొదలుపెట్టాలని ఎవరూ చెప్పలేదు. మత్తు, వికారం కొన్నాళ్లకి తగ్గుతాయి గానీ మలబద్ధకం మాత్రం మార్ఫిన్ వాడినన్నాళ్లూ ఉంటుంది.

మీరు చేయాల్సింది ఒకటే. ఆయన మింగే ప్రతిదీ, చూర్ణాలతో సహా, ఒకే కాగితం మీద టైముతో రాసి డాక్టరు ముందు పెట్టండి. మేం పాత క్యాలెండర్ షీటు వెనక రాశాం. అయితే పొట్ట ఉబ్బి వాంతులు కూడా అవుతుంటే కాగితాలు పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

మా ఇంట్లో డాక్టర్ని అడిగి ఐరన్ ఆపాం, ఈసబ్‌గోల్ బదులు మోషన్ మెత్తబడే లాక్టులోజ్ ఇచ్చాం, బిసాకోడిల్ నీళ్లతో వేశాం. మూడో పొద్దున నాన్న బాత్రూమ్ తలుపు తీసి, మాట్లాడకుండా బొటనవేలు పైకెత్తి చూపించారు. అమ్మ సంతోషం పట్టలేక "పాలు తాగుతారా?" అంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆయన టీ కూడా పాలు లేకుండానే తాగారు.