టీవీ చూసి నవ్వుతావు, ఇక్కడ ఎందుకు ఏడుస్తావు?

ప్రశ్న: మాది అనంతపురం వైపు పల్లె, మావారిది గుంటూరు. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఏడేళ్ళ బాబుతో బెంగళూరులో మారతహళ్ళి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు మావారు ఒక్క మాట తూలరు. ఆదివారం సాయంత్రం ఆఫీసు స్నేహితులు కుటుంబాలతో వచ్చినప్పుడు మాత్రం నా యాస, నా వంట, మా పుట్టింటివాళ్ళు ఆయనకు నవ్వించే సరుకైపోతారు. నేను మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జీలు తెచ్చి పెడితే, "మా ఊళ్ళో మరమరాలు తిరునాళ్ళలో పిల్లలకు కొనిపెడతారు, వీళ్ళ ఊళ్ళో అల్లుడికి పెడతారు" అన్నారు. "ఏంటికప్పా, వస్తాండా గదా" అని నా మాటను అనుకరిస్తారు. ఇప్పుడు బాబు కూడా నన్ను అలాగే వెక్కిరిస్తున్నాడు. పోయిన నెల మా నాన్న లిఫ్టు ముందు చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టిన సంగతిని అందరి ముందూ నటించి చూపారు. నాన్న అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను, తరువాత వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఆయనతో చెబితే, "టీవీలో ఒకణ్ణొకడు తిట్టుకుని చెంపలు వాయించుకుంటుంటే పడీపడీ నవ్వుతావు, ఇక్కడ ఎందుకు ఏడుస్తావు?" అన్నారు. నాకు జవాబు తోచలేదు. మనుషులు ఇలాంటి వాటికి ఎందుకు నవ్వుతారు? తప్పు నాదేనా? వచ్చే ఆదివారం మళ్ళీ ఉగ్గాని చేయమంటున్నారు, చేయాలా?

జవాబు: ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. అల్లుడికి మరమరాలు పెడతారన్న మాట చదివినప్పుడు నాకు నవ్వు వచ్చింది, అది దాచిపెట్టి మీకు సలహా చెప్పడం మర్యాద కాదు. లిఫ్టు ముందు చెప్పుల సంగతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నవ్వు రాలేదు. ఒకే మనిషి, ఒకే గదిలో, ఒకే శ్రోతల ముందు అన్న రెండు మాటల్లో ఒకటి నవ్వించి మరొకటి నొప్పించడానికి కారణమేమిటో తేల్చుకుంటే, మీ భర్త ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎదుటివారి లోపాన్ని చూసి నవ్వడం ఈనాటి టీవీ నేర్పిన అలవాటు కాదు. నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యానికి కారణాలు చెబుతూ, వికృతమైన వేషంతో పాటు వ్యంగదర్శనాన్ని, దోషోదాహరణాన్ని, అంటే అవయవలోపం చూపడాన్నీ తప్పులు ఎత్తిచూపడాన్నీ కూడా చేర్చాడు. అదే చోట నవ్వును స్మితం మొదలు అతిహసితం దాకా ఆరు రకాలుగా విడదీసి, మొదటి రెండు ఉత్తములవనీ చివరి రెండు అధములవనీ అన్నాడు కాబట్టి, అన్ని నవ్వులూ ఒకటి కావన్న ఎరుక ఆయనకు ఉంది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ మరో అడుగు ముందుకు వేసి, నవ్వు పుట్టించేది బాధ కలిగించని లోపమని చెప్పి, హాస్యనటుడు పెట్టుకునే ముసుగును ఉదాహరణగా చూపాడు. ఆ ముఖం వంకరగా, వికారంగా ఉంటుంది గాని అందులో నొప్పి కనిపించదు. టీవీలో చెంపదెబ్బకు మీరు నవ్వింది అందుకే. ఆ దెబ్బ తిన్నవాడు ఆ పని ఒప్పుకుని వచ్చిన నటుడనీ, దానికి డబ్బు తీసుకుంటాడనీ, కొట్టినవాడితోనే కాసేపటికి కూర్చుని టీ తాగుతాడనీ మీ మనసుకు తెలుసు. ఆ భరోసా లేకపోతే అదే దృశ్యం చూసి మీరు కుర్చీలోంచి లేచి నిలబడేవారు.

మీ ఇంట్లో ఆ ముసుగు లేదు. మీ యాస మీరు వేసుకున్న వేషం కాదు, స్నేహితులు వెళ్ళిపోయాక విప్పి పక్కన పెట్టేదీ కాదు.

ఇక ఆయన అలా ఎందుకు చేస్తున్నారన్నది. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన వాక్యం, ఇద్దరమే ఉన్నప్పుడు ఒక్క మాట తూలరన్నది. 1905లో హాస్యోక్తుల గురించి రాసిన గ్రంథంలో మనోవిశ్లేషణ పద్ధతికి ఆద్యుడైన ఫ్రాయిడ్, కుచ్చితంగా పొడిచే పరిహాసానికి ముగ్గురు కావాలన్నాడు: అనేవాడు ఒకడు, పడేవాడు ఒకడు, విని నవ్వేవాడు ఒకడు. ఆ పరిహాసం నిజంగా ఉద్దేశించినది పడేవాడిని కాదు, వినేవాడిని. మీ భర్తకు మీ మీద ద్వేషం ఉందని నేను అనుకోవడం లేదు. ఊరు కాని ఊళ్ళో, తలా ఒక జిల్లా నుంచి వచ్చిన సహోద్యోగులతో చనువు పెంచుకోవడానికి ఆయనకు తెలిసిన దగ్గరి దారి నవ్వించడం, ఆ చనువుకు అయ్యే ఖర్చును ఆయన మీ కొంగుముడి లోంచి తీసి చెల్లిస్తున్నారు. వచ్చినవారు నవ్వుతున్నది కూడా మీరంటే చులకన ఉండే కాకపోవచ్చు. నవ్వుల మీద చాలాకాలం పరిశోధన చేసిన రాబర్ట్ ప్రొవైన్, మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు దాదాపు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడని లెక్క తేల్చాడు. నవ్వులో హాస్యం ఎంత ఉంటుందో, పక్కవాడితో కలిసిపోవాలన్న ఆరాటమూ అంత ఉంటుంది. మీరు నవ్వింది కూడా ఆ ఆరాటంతోనే గనుక దానికి మిమ్మల్ని మీరు నిందించుకోవలసిన పని లేదు. అయితే ఆ నవ్వును ఆయన మీ అంగీకారంగా లెక్క కట్టుకుంటున్నారన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఎగతాళి అసలు మనకు కొత్తదా అంటే, కానే కాదు. బావా మరదళ్ళ సరసాలు, బావాబావమరుదుల వేళాకోళాలు, పెళ్ళి పందిట్లో వియ్యపురాలిని ఏకిపారేసే పాటలు మన ఇళ్ళలో ఎన్ని తరాల నుంచి ఉన్నాయో చెప్పలేము. వరుసను బట్టి ఇలా పరాచికాలాడుకునే చనువు లోకంలో చాలాచోట్ల ఉన్నదని 1940లో రాడ్‌క్లిఫ్ బ్రౌన్ అనే మానవశాస్త్రవేత్త రాశాడు, ఇద్దరూ అనుకునే పద్ధతినీ ఒకరే అని మరొకరు పడే పద్ధతినీ ఆయన వేరువేరుగా చూపాడు. మన పెళ్ళి పాటల్లో ఇవాళ పాట పడిన వియ్యపురాలికి రేపు తిరిగి పాడే వంతు వస్తుంది. మీ ఇంటి ఆదివారాల్లో గుంటూరు మీద, ఆయన తినే కారం మీద, ఆయన మాట తీరు మీద ఒక్క చతురోక్తి అయినా మీ నోట వచ్చిందా? వచ్చి ఉంటే రాసేవారు. మీరు పళ్ళాలు మోస్తూ ఉంటారు, ఆయన సోఫాలో కూర్చుని ఉంటారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత పుట్టింది ఇలాంటి పొత్తు లేని ఆట చూసే.

ఉగ్గాని మాటకు మీరు కావాలంటే జవాబు చెప్పగలరు. మీ నాన్నగారు చెప్పలేరు. కూతురి ఇంట్లో అల్లుడి మాటకు ఎదురు చెప్పని తరం ఆయనది. పైగా నున్నగా మెరిసే ఒక చిన్న గది కనిపిస్తే బయట చెప్పులు విడవడం తెలివితక్కువతనం కాదు, శుభ్రమైన చోటును గౌరవించే అలవాటు. ఆట ఆడుతున్నట్టే తెలియని మనిషిని, వినపడేంత దూరంలో పెట్టుకుని ఆటవస్తువును చేశారు కనుకనే నాకు అక్కడ నవ్వు రాలేదు.

యాస సంగతి మరికాస్త లోతైనది. మన సినిమాలు చాలాకాలం పాటు నాయకుడికి కోస్తా భాషనిచ్చి, సీమ మాటను కత్తులు పట్టేవాళ్ళకూ తెలంగాణ మాటను రౌడీలకూ నవ్వించే పాత్రలకూ పంచిపెట్టాయి. మీ భర్త అనుకరణకు స్నేహితులు తేలికగా నవ్వడం వెనుక ఆ పాత అలవాటు ఉంది. టీవీ చూసి నవ్వడంలో తప్పు లేదని పైన అన్నాను గాని, లావుగా ఉన్నవారి మీద, రంగు తక్కువ ఉన్నవారి మీద వేసే చవకబారు మాటలకు బాబు పక్కన కూర్చుని నవ్వేటప్పుడు మనమూ కొంచెం ఆలోచించాలి. ఈ మాట మీకెంతో నాకూ అంతే.

ఇప్పుడు చేయవలసినది. ఆదివారం అందరి ముందు ఏమీ అనకండి, అంటే ఆయన పరువు కాపాడుకోవడానికి మరింత నవ్విస్తారు. వారం మధ్యలో, బాబు నిద్రపోయాక, ఆయన ఫోను పక్కన పెట్టిన సమయం చూసి, "మీరెప్పుడూ నన్ను అవమానిస్తారు" అన్న పెద్ద ఫిర్యాదు కాకుండా ఒక్క లిఫ్టు సంగతే ఎత్తండి. "ఆ రోజు మీరు నటించి చూపుతున్నప్పుడు నాన్న పక్క గదిలో వింటున్నారు. టీవీలో దెబ్బ తినేవాడు ఒప్పుకుని తింటాడు. నాన్న ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు" అని చెప్పి ఆగిపోండి. సరదా తెలియని మనిషివని ఆయన అనవచ్చు. దానికి వాదన పెట్టుకోకుండా, యాస మీదా పుట్టింటి మీదా ఇకనుంచి నేను నవ్వను అని మాత్రం చెప్పి, ఆదివారం నాడు అలాగే నడుచుకోండి. అలిగిన ముఖం అక్కరలేదు, ఊరికే నవ్వకపోతే చాలు. ఇల్లాలు నవ్వని చోట అతిథుల నవ్వు ఎక్కువసేపు నిలబడదు. మీ నాన్నగారికి ఫోను చేసి ఆ సంగతికి క్షమాపణ చెప్పవలసినది మీరు కాదు, మీ భర్త. బాబు మీ యాసను వెక్కిరించినప్పుడు కోప్పడకుండా, అది తాతగారు మాట్లాడే మాట అని చెప్పి, ఆయనతోనే ఫోనులో నాలుగు కబుర్లు చెప్పించండి.

ఇంత చెప్పినా మానకపోతే, లేదా ఈ ఎగతాళి ఇద్దరే ఉన్నప్పుడు కూడా మొదలైతే, అది సరదా హద్దు దాటినట్టు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం అవమానించడాన్ని, ఎగతాళి చేయడాన్ని మాటలతో చేసే హింస కింద స్పష్టంగా చేర్చింది. మీ పరిస్థితి అక్కడికి వచ్చిందని నేను అనుకోవడం లేదు, కానీ ఆ గీత ఎక్కడుందో మీకు తెలిసి ఉండాలి. ఆయన ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి మీ ఊళ్ళోనే ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో కుటుంబ సలహా తీసుకోవచ్చు. మీ మనసు మరీ బరువెక్కిన రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఉగ్గాని సంగతి అడిగారు. మీకు చేయాలని ఉంటే చేయండి. బజ్జీలు వేయించే పని మాత్రం ఈసారి ఆయనకు అప్పగించి, పళ్ళాలు బల్ల మీద పెట్టి, మీరు కూడా అందరి మధ్య సోఫాలో కూర్చోండి.