కాపీరైట్ తీరిన నవల, కామెడీ సినిమా

ప్రశ్న: త్రిపురనేని గోపీచంద్ నవల ‘అసమర్థుని జీవయాత్ర’ను కామెడీ సినిమాగా తీద్దామనుకుంటున్నాం. కథంతా నాయకుడు సీతారామారావు బుర్రలోనే నడుస్తుంది కాబట్టి అది తెరకెక్కదని చాలామంది అంటున్నారు. రచయిత పోయి అరవై ఏళ్లు దాటింది, ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదని మా నిర్మాత ధీమా. నిజమేనా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సగమే నిజం. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 22 ప్రకారం రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఆ 60 ఏళ్లూ మరణించిన రోజు నుంచి కాక మరుసటి జనవరి 1 నుంచి లెక్క. గోపీచంద్ 1962లో మరణించారు. 2022 డిసెంబరు 31తో గడువు తీరింది. మన దేశంలో సినిమా తీసుకోవడానికి హక్కులు కొనక్కర్లేదు.

మీ నిర్మాత చూడనిది సెక్షన్ 57. రచనను వక్రీకరించి రచయిత గౌరవానికో, ప్రతిష్ఠకో భంగం కలిగిస్తే ఆపించే హక్కు, నష్టపరిహారం అడిగే హక్కు ఆ సెక్షన్ ఇస్తుంది. వారసులు కూడా దాన్ని వాడుకోవచ్చు. గతంలో అది కాపీరైట్ గడువు లోపల జరిగిన పనులకే వర్తించేది. 2012 సవరణలో ఆ పరిమితిని తీసేశారు. అంటే గడువు తీరిన పుస్తకంపైనా కేసు వేయొచ్చు. ‘ఆప్ కా బంటీ’ అనే హిందీ నవలను సినిమాగా తీసిన వివాదంలో 1986లో ఢిల్లీ హైకోర్టు, హక్కులు అమ్మేసిన రచయిత్రికి కూడా ఈ రక్షణ ఉంటుందని చెప్పింది. మాధ్యమం మారినప్పుడు కొన్ని మార్పులు తప్పవనీ అంది. పేచీ అంతా ఆ ‘కొన్ని’ దగ్గరే.

విషాదాంత నవలను నవ్వులాటగా మార్చడం ఎదుటి లాయరుకు చేతికందిన ఆయుధం. అయితే నవ్వు ఎవరి మీద పడుతోందన్నదే అసలు ప్రశ్న. లారెన్స్ స్టెర్న్ ఇంగ్లిష్ నవల ‘ట్రిస్ట్రమ్ శాండీ’ 1759–67 మధ్య తొమ్మిది సంపుటాలుగా వచ్చింది. కథకుడు తన పుట్టుక దగ్గరికి రావడానికే సంపుటాలు గడిచిపోతాయి. తెరకు లొంగదనే పేరున్న ఆ నవలను మైకేల్ వింటర్‌బాటమ్ 2005లో, దాన్ని సినిమాగా తీయబోయి తంటాలు పడే యూనిట్ కథగా మలిచాడు. ప్రధాన నటులు తాము తాముగానే తెరపై కనిపించారు. మీకూ అదే దారి మేలంటాను. సీతారామారావును వెక్కిరించే బదులు, అతన్ని తెరకెక్కించలేక తిప్పలు పడే దర్శకుణ్ణి చూసి జనం నవ్వితే సెక్షన్ 57 వాదన చాలావరకు పలచబడుతుంది. గోపీచంద్‌నే హాస్యపాత్రగా పెట్టే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 356 కింద మృతుల పరువు తీసినా పరువునష్టమే కావచ్చు.

మూల గ్రంథం నుంచే స్క్రిప్టు రాసుకోండి. అనువాదాలకూ, తర్వాతి ముద్రణల్లోని ముందుమాటలకూ, ముఖచిత్రాలకూ వేరే హక్కుదారులు ఉంటారు. టైటిల్‌కు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లో ‘దేశీ బాయ్స్’ సినిమా కేసులో తేల్చింది. అయినా ఫిల్మ్ ఛాంబర్‌లో టైటిల్ రిజిస్టర్ చేయించుకోండి.

అసలు చిక్కు అమెరికాలో ఉంది. 1996 జనవరి 1 నాటికి మన దేశంలో రక్షణ ఉన్న పాత పుస్తకాలకు అక్కడి చట్టం కాపీరైట్‌ను పునరుద్ధరించింది. గడువు, ప్రచురించిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1940ల్లో అచ్చయిన ఈ నవలకు అక్కడ ఇంకా హక్కుదారులు ఉన్నట్టే లెక్క. డల్లాస్‌లో ప్రీమియర్లు వేయాలన్నా, ఓటీటీకి ప్రపంచవ్యాప్త హక్కులు అమ్మాలన్నా వారసుల సంతకాలు కావాలి.

కాబట్టి ముందు వారసులెవరో, పాత ఒప్పందాలేమైనా ఉన్నాయో తేల్చుకోండి. ఒక్కరితో సరిపెట్టకుండా అందరి చేతా సంతకాలు చేయించండి. సెక్షన్ 57 ఇచ్చే హక్కులనే నైతిక హక్కులంటారు; ‘నైతిక హక్కులు వదులుకున్నాం’ అన్న ఒక్క వాక్యాన్ని నమ్ముకోవద్దు. కథాసంగ్రహాన్ని, మార్చిన ముగింపును జతపరచి ప్రతి పేజీ మీదా సంతకం తీసుకోండి. అదే పత్రంలో విదేశీ హక్కుల బదిలీ కూడా రాయించండి. సెక్షన్ 19 ప్రకారం ప్రాంతం రాయకపోతే భారతదేశమే, కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లే అనుకుంటారు. మీరు కొనేదే అమెరికా హక్కు కాబట్టి ఆ ఖాళీ వదిలితే ఇచ్చిన డబ్బు దండగ. ఏడాదిలోగా హక్కు వాడుకోకపోతే బదిలీ రద్దవుతుందన్న నిబంధన మీకు వర్తించదని కూడా అందులోనే స్పష్టంగా రాయించుకోండి. మన సినిమాలు ఏడాదిలో విడుదలవుతాయన్న నమ్మకం నాకు లేదు.